నెత్తురులో గుణం వెతికినవాళ్ళు

నేను రక్తపరీక్షల మనిషిని. ముంబై దగ్గరి భివండీలో కామత్‌ఘర్ మెయిన్ రోడ్డు మీదున్న ఒక చిన్న ల్యాబ్‌లో పెళ్ళికి ముందే టెక్నీషియన్‌గా చేరాను. మోకాళ్ళు అరిగి మెట్లెక్కలేని స్థితి వచ్చాక మానేశాను. మా అన్న కూతురు ఇప్పుడు ఇదే పనిలో చేరింది. "కోర్సులో చెప్పనిదేమన్నా ఉంటే చెప్పు అత్తా" అంది. ఆమెకు చెప్పినవే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను.

సూది గుచ్చడం నెలలో వస్తుంది. యంత్రం వాడటం ఇంకో నెలలో వస్తుంది. ఏళ్ళు పట్టేది అనుమానం. ట్యూబు మీది పేరును అనుమానించాలి. మందు సీసా మీది తేదీని అనుమానించాలి. తేలిగ్గా దొరికిన జవాబును ఇంకా ఎక్కువ అనుమానించాలి. ఈ గుణం వల్ల ఇంట్లో నాకు చెడ్డపేరే వచ్చింది. పాలవాడు మొదలు పాస్టరు గారి దాకా అందరినీ గుచ్చి గుచ్చి అడుగుతానని మా ఆయన విసుక్కునేవాడు. ల్యాబ్‌లో మాత్రం అదే నాకు అన్నం పెట్టింది.

మీ పేరేమిటి?

నాకు పని నేర్పింది పాట్కర్ సార్. ల్యాబ్ ఆయనదే. పొడుగ్గా ఉండేవారు, ఏది చూసినా ముక్కు చిట్లించి చూసేవారు. నేను చేరిన కొత్తలో అక్కడ ఇంకో టెక్నీషియన్ ఉండేవాడు. మంచివాడే, చెయ్యి వేగం. ఒక పొద్దున అతను బెంచీ వైపు తిరిగి "రాజయ్య మీరేనా?" అని అడిగాడు. ఒకాయన తలూపి లేచి వచ్చాడు. ఆయన రాజయ్య కాదు. అసలు రాజయ్య బయట బీడీ తాగుతున్నాడు, ఆయనకు మర్నాడు ఆపరేషన్. ఆసుపత్రివాళ్ళు తమ దగ్గర మళ్ళీ పరీక్ష చేసుకున్నారు కాబట్టి సరిపోయింది. రిపోర్టు మీద రాజయ్య పేరుంది, గ్రూపు మాత్రం ఇంకొకాయనది.

సార్ అరవలేదు. మమ్మల్నిద్దరినీ బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడ కూర్చున్న ఒక ముసలాయనను "గంగారాం మీరేనా?" అని హిందీలో అడిగారు. ఆయన తలూపాడు. "విఠల్ మీరేనా?" అన్నారు. దానికీ తలూపాడు.

అప్పుడు అర్థమైంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు. వాటిని మనవాళ్ళు సాంచెలంటారు. ఆ మోతలో ఏళ్ళ తరబడి నిలబడితే చెవులు మందగిస్తాయి. వినపడలేదని చెప్పడానికి మొహమాటపడి, ఏమడిగినా తలూపేస్తారు. ఆ రోజు నుంచి నేను ఎవరికీ వాళ్ళ పేరు చెప్పలేదు. "మీ పేరేమిటి?" అనే అడిగాను. మా పెళ్ళిలో నన్ను ముస్తాబు చేసిన పెద్దమ్మ వచ్చినా అదే ప్రశ్న. ఆమె నా మీద కోపం తెచ్చుకుని చాలాకాలం మాట్లాడలేదు.

స్వభావం కాగితం

సార్‌కు వయసు మీద పడ్డాక పొద్దున పూట కాసేపు వచ్చి వెళ్ళేవారు. మిగతాదంతా ఆయన కొడుకు నిఖిల్ చూసుకునేవాడు. నిఖిల్ డాక్టరు కాదు, వ్యాపారం చదివాడు. తెలివైనవాడు, మర్యాదస్తుడు. ఒకరోజు అతను బ్లడ్ గ్రూపు రిపోర్టు కింద కొత్తగా ఒక పేరా అచ్చువేయించి తెచ్చాడు. పైన "మీ స్వభావం" అని ఉంది. ‘ఏ’ గ్రూపు వాళ్ళు ఓర్పుగలవాళ్ళు. బి వాళ్ళు మొండివాళ్ళు. ఓ వాళ్ళు ఎవరి మాటా వినరు. ఏబీ వాళ్ళు అంతుపట్టరు. ఒక్కొక్కరికీ పదేసి పంక్తుల వివరం.

"జపాన్‌లో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు, సుగుణా తాయీ" అన్నాడు. తాయీ అంటే మరాఠీలో అక్క.

నాకు నమ్మకం కలగలేదు. గ్రూపు ఎలా చూస్తామో నాకు తెలుసు. తెల్లటి పలక మీద మూడు చుక్కల నెత్తురు పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో మందు కలుపుతాం. ఏ చుక్క విరిగిన పాలలా ముక్కలవుతుందో, ఏది నున్నగా ఉండిపోతుందో చూస్తాం. నెత్తురు కణం పైపొర మీద ఫలానా గుర్తు ఉందా లేదా అన్నది తప్ప ఆ పలక ఇంకేమీ చెప్పదు. కొన్ని జబ్బులు కొన్ని గ్రూపులవాళ్ళకు కాస్త ఎక్కువ వస్తాయని పెద్ద చదువుల వాళ్ళు అంటారు, అది వేరే సంగతి. ఒక మనిషి ఎందుకు కసురుకుంటాడో ఆ పలక మీద కనిపించదు.

అయినా జనం రావడం ఎక్కువైంది. జబ్బూ జ్వరమూ లేని కాలేజీ పిల్లలు గుంపుగా వచ్చి వేళ్ళు చాపేవారు. నాకు ఒక ఆలోచన వచ్చింది. ‘ఏ’ గ్రూపు పేరాలో "మీరు పైకి గట్టిగా కనిపిస్తారు, లోపల మెత్తన. మీరు నమ్మినవాళ్ళే మిమ్మల్ని బాధపెట్టారు" అని ఉంది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో ‘ఏ’ గ్రూపు కాని వాళ్ళకు దాన్ని చదివి వినిపించాను. అది ఎవరి గ్రూపుదో చెప్పలేదు.

ఒక ఆటో ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని "అచ్చం నేనే!" అన్నాడు. స్కూలు టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒకావిడ "ఇది మా అత్తకు చదివి వినిపించు" అని బతిమాలింది.

అది వాళ్ళ గ్రూపుది కాదని చెప్పాను. వాళ్ళు నవ్వి, తమ తమ కాగితాలు తీసుకుని, అవి కూడా అచ్చం తామేనని చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. నిఖిల్‌తో చెబితే "వాళ్ళకు సంతోషంగా ఉంది కదా, నష్టమేముంది?" అన్నాడు. సార్‌ను అడిగితే "ఆ పేరా కింద నువ్వు సంతకం పెట్టకు" అన్నారు. నేను గ్రూపు పక్కనే సంతకం పెట్టి, దాని కింద అడ్డంగా గీత కొట్టేదాన్ని. గీత కింద ఏముందో నాకు సంబంధం లేదన్నట్టు.

హకీం సాబ్

పాత బజారులో ఒక హకీం ఉండేవారు. తన దగ్గరికి వచ్చేవాళ్ళను చక్కెర పరీక్షకు మా దగ్గరికి పంపేవారు. నెత్తురును బట్టి గుణం చెప్పడం వాళ్ళ వైద్యంలో ఎప్పటి నుంచో ఉందని విని, ఒకసారి వెళ్ళి అడిగాను.

"ఉంది. కానీ మీ కాగితంలో రాసింది కాదు" అన్నారు. వాళ్ళ లెక్కలో ఒంట్లో నాలుగు ద్రవాలు: నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. నెత్తురు పాలు ఎక్కువైనవాడు ఎర్రగా, హుషారుగా, నవ్వుతూ ఉంటాడట. "కానీ బేటీ, ఆ పాళ్ళు ఎండాకాలంలో ఒకలా ఉంటాయి, వానాకాలంలో ఇంకోలా. తిండిని బట్టి మారతాయి, వయసును బట్టి మారతాయి. మీ కాగితం మీది అక్షరం పుట్టినప్పుడు ఏదో చచ్చేదాకా అదే. మారనిదాన్ని చూసి మారేదాన్ని ఎలా చెబుతారు?"

ఆ మాట నాకు సబబుగా తోచింది. మనవైపు వాత పిత్త కఫాలు చూసే వైద్యులు కూడా తిండీ రుతువూ అడిగే చెబుతారు. మా నాన్న కొట్లాటకు దిగిన కుర్రాళ్ళను చూసి "ఉడుకు నెత్తురు, పెండ్లయితే సల్లబడ్తది" అనేవాడు. చల్లబడే నెత్తురు గురించే మన పెద్దలూ మాట్లాడారు.

అంతా బాగానే ఉంది కానీ, హకీం సాబ్ నా నాడి కూడా చూశారు. నాలో నల్ల పిత్తం ఎక్కువనీ, నా అనుమానమంతా దానివల్లేననీ చెప్పి ఒక లేహ్యం డబ్బా ఇచ్చారు. నాకు ముందు వచ్చి నవ్వుతూ వెళ్ళిన ఒకాయన చేతిలోనూ అదే డబ్బా ఉండటం చూశాను. లేహ్యం తిన్నాను. తియ్యగా ఉంది. అనుమానం తగ్గలేదు, హకీం సాబ్ మీద కొంచెం పెరిగింది కూడా.

ఒక్క గీత

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను.

సత్తయ్య సేఠ్ మా కరీంనగర్ వైపు మనిషి. కూలీగా వచ్చి, సాంచెలు కొని, కార్ఖానా పెట్టినవాడు. ఆయన ఉన్నట్టుండి తన పనివాళ్ళను గ్రూపు పరీక్షకు పంపడం మొదలుపెట్టాడు. "ఏదన్న దెబ్బ తాకితే అక్కరకొస్తది చెల్లె" అన్నాడు. మంచి కారణమే. కానీ సాంచె వాళ్ళకు దెబ్బలు తగలడం కొత్త కాదు, ఈ శ్రద్ధ కొత్తది. సగమే నమ్మాను.

కొన్నాళ్ళకు రజిత వచ్చింది. ఆ కార్ఖానాలో మగ్గాలకు నూలు కండెలు చుట్టే పిల్ల, కొత్తగా పెళ్ళయింది. కొన్ని రోజుల ముందే నేను ఆమె గ్రూపు చూశాను, ఓ నెగటివ్. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, నా నెత్తుర్ల ఏమున్నది?"

"ఏమున్నది అంటే?"

"నెగటివ్ అట. ముకాదం అందరి ముంగట సదివిండు. ఓ అంటే ఎవ్వల మాట ఇననోళ్ళట, నెగటివ్ అంటే అన్నిటికి ఉల్టా మాట్లాడెటోళ్ళట. పక్కోళ్ళను గూడ చెడగొడ్తరట. రేపటి సంది రావద్దన్నడు సేఠ్."

నెగటివ్ గురించి మా కాగితంలో ఒక్క ముక్క లేదు. అది సేఠూ, పనివాళ్ళ మీద మేస్త్రీగా ఉండే ఆ ముకాదమూ కలుపుకున్నది. "పంచాయితీ ఏమన్న అయిందా?" అని అడిగాను.

అయింది. కండెల మిషన్ బెల్టులో పక్కామె కొంగు పడి, చెయ్యి గీరుకుపోయింది. బెల్టుకు అడ్డంగా జాలీ పెట్టించమని రజిత సేఠ్‌ను అడిగింది. మళ్ళీ అడిగింది. మూడోసారి అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళి అడిగింది.

"సూడు బిడ్డా" అన్నాను, "నెగటివ్ అంటే ఒక గుర్తు లేదని, గంతే. చాయ్‌ల చక్కెర ఎయ్యకపోతే చాయ్ చెడ్డదైతదా?"

"గదంత నాకు తెల్వది. సేఠ్‌కు తెల్వాలె గద. నువ్వు పాజిటివ్ అని రాసియ్యి. ఒక్క గీతనే గదక్కా. అడ్డం గీత మీద నిలువు గీత గియ్యి."

"ఆ గీత రేపు నీ పానం మీదికి తెస్తది. నేను గియ్య."

"నువ్వు గూడ సేఠ్ మనిషివే" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం కార్ఖానాకు వెళ్ళాను. సేఠ్ గది మేడ మీద ఉంది, కింద సాంచెల మోతకు నేల వణుకుతుంది.

"రజితను తీసేసినవట సేఠ్."

"ఏం జెయ్యాలె చెల్లె. నాకు కార్ఖానాల శాంతి గావాలె. మీ కాగితమే చెప్తున్నది ఆమె గుణం."

"మా కాగితం గట్ల చెప్పలే. బెల్టుకు జాలీ పెట్టించినవా?"

ఆయన ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. "గది వేరే ముచ్చట" అన్నాడు.

వేరే ముచ్చట కాదు. అదే ముచ్చట. ఆ స్వభావం పేరాను ఆయన నాకంటే ఎక్కువ నమ్మాడని నేననుకోను. తర్వాత వాకబు చేశాను. ఆయన తీసేసిన మిగతావాళ్ళు కూడా ఏదో ఒకటి అడిగినవాళ్ళే. వాళ్ళ గ్రూపులు వేరు వేరు. ఒకరిని మొండి అన్నారు, ఒకరిని అంతుపట్టని మనిషి అన్నారు. ఎవరినైనా తీసేయడానికి అందులో ఒక మాట ఉంది. నష్టమేముందని నిఖిల్ అడిగినదానికి నాకప్పుడు జవాబు దొరికింది. వెళ్ళి చెప్పాను కూడా. "దానికి మనమేం చేస్తాం తాయీ, మనం రాసింది అది కాదు కదా" అన్నాడు. కాగితం అలాగే కొనసాగింది.

ఫైలులో పాజిటివ్

ఏడాది దాటాక ఒక పొద్దున, నిండు కడుపుతో ఒకామె వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మీ పేరేమిటి?" అన్నాను, తల ఎత్తకుండానే.

"మర్సిపోయినవా అక్కా? రజితను."

ఏడో నెల. నర్సింగ్ హోం వాళ్ళు చక్కెర, హిమోగ్లోబిన్ చూడమని పంపారు. ఫైలు తెరిచాను. మొదటి పేజీలో గ్రూపు ఓ పాజిటివ్ అని ఉంది. నేను ఫైలు వంక చూస్తే ఆమె నేల వంక చూసింది.

"ఎవరి నెత్తురు ఇది?"

"మా తోటికోడలిది" అంది చిన్నగా.

కొత్తగా చేరిన మాన్కోలి గోదాంలో కూడా గ్రూపు కాగితం అడిగారట. సత్తయ్య సేఠ్ మాట అక్కడిదాకా పాకింది. వేరే ల్యాబ్‌కు తన పేరు మీద తోటికోడలిని పంపి, పాజిటివ్ కాగితం తెచ్చుకుంది. కడుపు వచ్చాక నర్సింగ్ హోంలో అదే కాగితం చూపించింది, వాళ్ళు ఫైల్లోకి ఎక్కించుకున్నారు. నెగటివ్ అంటే అత్తగారింట్లో కూడా ఏమనుకుంటారోనని భయపడింది.

నేను పాత రిపోర్టును కూడా నమ్మలేదు. మళ్ళీ వేలు గుచ్చి, పలక మీద చుక్కలు పెట్టాను. పాజిటివా నెగటివా చెప్పే మూడో చుక్క కూడా నున్నగా ఉండిపోయింది. ట్యూబులో ఇంకోసారి చూశాను. నెగటివే. బయట ఉన్న ఆమె భర్తను లోపలికి పిలిచి అతనిదీ చూశాను. పాజిటివ్.

"ఇంతకుముందు ఎప్పుడన్న కడుపు పోయిందా?"

"ఒకపారి. మూడో నెల దాటినంక."

"అప్పుడు సూది ఇచ్చిన్రా?"

"ఏం సూది?"

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. తల్లి నెగటివ్, కడుపులో బిడ్డ పాజిటివ్ అయితే, బిడ్డ నెత్తురు కాస్త తల్లిలో కలిసినా ఆమె ఒళ్ళు దాన్ని శత్రువనుకుని ఆయుధాలు తయారుచేసుకుంటుంది. ఆ ఆయుధాలు తర్వాతి బిడ్డ నెత్తురును విరిచేస్తాయి. అవి తయారు కాకుండా ఆపడానికి ఒక సూది ఉంది. తయారైపోయాక ఆ సూది దండగ. పోయిన కడుపప్పుడే అవి తయారై ఉంటే, ఇప్పుడు లోపలున్న బిడ్డకు ముప్పు. తయారయ్యాయో లేదో చూసే పరీక్ష ఒకటి ఉంది.

సార్‌కు ఫోన్ చేశాను. అప్పటికి ఆయన ల్యాబ్‌కు రావడమే మానేశారు. ఆటోలో వచ్చారు, చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని. పరీక్ష నేను చేశాను. ట్యూబును దీపం ముందు పెట్టి ఆయన చూశారు. పక్కకు వంచి చూశారు. నన్ను చూడమన్నారు. మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి చేయమన్నారు. రజిత గుమ్మం దగ్గర భర్త చెయ్యి పట్టుకుని నిలబడింది. సార్‌ను ఏమీ అడగలేక నా ముఖమే చూస్తోంది.

రెండోసారీ ట్యూబు నున్నగానే ఉంది. ఆయుధాలు తయారు కాలేదు.

సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత నర్సింగ్ హోం డాక్టరుకు తనే ఫోన్ చేసి చెప్పారు. ఆ వారమే రజితకు సూది పడింది.

నేను ఆమెను బయటి బెంచీ మీద కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. అప్పుడు ఏడ్చింది. "నువ్వు గీత గియ్యలేదని నిన్ను మస్తు తిట్టుకున్న అక్కా" అంది. "నువ్వు గియ్యకపోతే నేనే ఇంకోతీరుగ గీసుకున్న."

"నీతోని గీయించిందెవలు?" అన్నాను.

రజిత తప్పుడు కాగితం ఎందుకు తెచ్చుకుందో నేను చెప్పాక, సార్ ఆ రోజు వెంటనే ఇంటికి వెళ్ళలేదు. స్వభావం కాగితాన్ని తెప్పించుకుని, ముక్కు చిట్లించి, మొదటిసారి చివరిదాకా చదివారు. నిఖిల్‌ను లోపలికి పిలిచి తలుపు వేసుకున్నారు. మరాఠీలో నెమ్మదిగా మాట్లాడారు, నాకు వినపడలేదు. మర్నాటి నుంచి రిపోర్టుల్లో ఆ పేరా లేదు. నిఖిల్ కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నాడు. ఆ తర్వాత, మా ల్యాబ్‌లో ప్రతి గ్రూపూ రెండుసార్లు చూస్తామని వచ్చినవాళ్ళకల్లా గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. దానివల్ల కూడా జనం పెరిగారు.

రజిత షరతులు

రజితకు ఆడపిల్ల పుట్టింది. పాజిటివ్. పుట్టాక ఇవ్వాల్సిన రెండో సూదీ వేశారు. వేశారా లేదా అని నేను వెళ్ళి నర్సును అడిగి, ఫైల్లో చూసి మరీ వచ్చాను.

పిల్ల కాస్త మెడ నిలిపాక, సత్తయ్య సేఠ్ ముకాదంను రజిత ఇంటికి పంపాడు. పండగల గిరాకీ మొదలైంది, కండెలు చుట్టేవాళ్ళు దొరకడం లేదు. పైగా రజిత సంగతి ఆ నోటా ఈ నోటా కండెల దగ్గర ఆడవాళ్ళందరికీ తెలిసి, కొత్తగా చేరేవాళ్ళెవరూ గ్రూపు పరీక్షకు వేలు చాపడం లేదట.

రజిత వెళ్ళింది. సేఠ్ ముందు ఏమన్నదో నాకు ఆ చెయ్యి గీరుకుపోయిన పక్కామె చెప్పింది.

"పని ఇస్త సేఠ్, నెత్తురియ్య. జాలీ పెట్టియ్యి. నా కండెలు సూడు, మంచిగ లేకపోతె తీసెయ్యి. నెత్తురు అడుగుడు బంద్ జెయ్యి."

సేఠ్ సరేనన్నాడు. ఆయన మనసు మారిందని నేను నమ్మను. గిరాకీ తగ్గాక ఏ జాతకమో, ఇంకేదో అడగడని నమ్మకమూ లేదు. జాలీ పెట్టించాడని చెబితే అదీ నమ్మక, ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కార్ఖానాకు వెళ్ళి చూశాను. పెట్టించాడు. చేత్తో పట్టుకుని ఊపి చూశాను. గట్టిగానే ఉంది.

తర్వాత రజిత ఒకసారి ల్యాబ్‌కు వచ్చింది, పిల్లను భుజాన వేసుకుని. హిమోగ్లోబిన్ కోసం నెత్తురు తీస్తుంటే నా ముఖం వైపు చూస్తూ అడిగింది.

"అక్కా, నీదే గ్రూపు?"

అన్నేళ్ళలో ఆ కుర్చీలో కూర్చుని నన్నెవరూ ఆ మాట అడగలేదు. నా గుణం లెక్క కట్టడానికేనని అనుమానం వచ్చింది. "ఎందుకే?" అన్నాను.

"జెర చెప్పరాదు."

"ఏ పాజిటివ్."

ఆమె పెదవులు కదిలిస్తూ ఏదో లెక్క వేసుకుంది. నర్సింగ్ హోంలో డాక్టరమ్మ ఆమెకు ఎవరి నెత్తురు ఎవరికి పనికొస్తుందో విడమర్చి చెప్పినట్టుంది.

"అయితే నీ నెత్తురు నాకు రాదు" అంది. దూది వేలికి నొక్కిపట్టుకుని, పిల్లను రెండో భుజం మీదికి మార్చుకుంటూ లేచింది. "ఆపతొస్తే కబురు వెట్టు అక్కా. నాది నీకొస్తది."